హామీదారు

మొదటి వారమే లా కాలేజీలో ఒక ఫారం ఇచ్చారు.
కష్టమొస్తే మీకు అండగా ఉండేవాళ్ళ పేర్లు రాయమని.
మూడు గీతలు.
అన్నయ్య నంబరు గుర్తుంది,
ఎత్తడన్న సంగతీ గుర్తుంది.
మడిచి, ఒప్పందాల చట్టం పుస్తకంలో పెట్టేశాను
ఒకరి బాకీకి మరొకరు పూచీపడే అధ్యాయం దగ్గర.

షార్జా, అబూ షగారా. ఆరు మంచాల గది.
పై మంచం నాది, సీలింగ్‌కీ నాకూ మధ్య రెండు జానల గాలి.
పగలు క్లినిక్‌లో బిల్లులు, సాయంత్రం క్లాసులు.
పదకొండు దాటితే లైటు ఆర్పాలని గది చట్టం,
దానికి మాత్రం అప్పీలు లేదు.

కింది మంచం మరిటెస్ ఒక రాత్రి
తన తెర విప్పి నా మంచానికి కట్టింది.
లోపల చిన్న దీపం పెట్టుకోమంది.
తనకు తెర లేకున్నా నిద్ర పడుతుందట.
అబద్ధం.
కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని పడుకుంటుంది, ఇప్పటికీ.

అరబ్బీ తీర్పులు నాకు
కుడి నుంచి ఎడమకు నడిచే చీమలు.
ఇహ్సాన్ ఒక్కోదాన్నీ ఆపి పేరు చెప్పేది.
ఖార్తూంలో సగంలో ఆగిన చదువు తనది.
అక్కడి కాలేజీ గురించి అడిగితే
అరటిపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది.
మళ్ళీ అడగలేదు.

సాక్ష్యం పేపరు పోయింది. ముప్పై ఎనిమిది.
చదువు మానేస్తున్నానని ఉత్తరం టైపు చేయించడానికి
ఓదేలు టైపింగ్ సెంటర్‌కి వెళ్ళాను.
"సిస్టం పనిజేస్తలేదు, రేపు రా."
అతని వెనకాల ప్రింటరు కాగితాలు కక్కుతూనే ఉంది.
మర్నాడు కూడా అదే మాట, అదే ప్రింటరు.
మూడోనాడు నా కుర్చీలో ఒక తాపీమేస్త్రి కూర్చున్నాడు,
చేతుల్లో చెమటకు మెత్తబడిన కాంట్రాక్టు,
నాలుగు నెలలుగా జీతం లేదు.
"ఈ అక్కకు జెప్పు. వకీలు జదువుతున్నది."
వకీలును కాను, సలహా చెప్పకూడదు, అన్నాను.
"ఏం రాసిందో సదివితే సాలు తల్లీ."
చదివాను. గంటన్నర పట్టింది.
ఏ ఆఫీసుకు పోవాలో అతని అరచేతిలో రాసిచ్చాను,
కాగితం అందుబాటులో ఉన్నా ఎందుకో అరచేతిలోనే.
లేచి చూస్తే గోడవారగా ఇంకో ఇద్దరు,
ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లతో.
నా ఉత్తరం సంగతి
ఓదేలు ఎత్తలేదు. నేనూ మరిచిపోయాను.

సాక్ష్యం రెండోసారి రాశాను. యాభై ఒకటి.
గొప్పేం కాదు. మరిటెస్ మాత్రం నూడుల్స్ వండి
గదంతా లేపింది, పదకొండు దాటాక, లైటు వేసి.

నిన్న ఓదేలు తన కొత్త ఉద్యోగం కాగితాలు నింపుకుంటూ
స్క్రీను నావైపు తిప్పాడు, తప్పులు చూడమని.
ఆపదలో పిలవాల్సిన మనిషి అన్న గడిలో
నా పేరు.

పూచీ పడేవాళ్ళను ముందు అడగాలి కదా
అని పాఠం చెప్పబోయాను.
పరిమళలో ఒక అక్షరం తప్పు పడింది.
కీబోర్డు నావైపు లాక్కున్నాను.