దుమ్ము కోసం

లేక్స్ ఎంట్రన్స్ ఇంకా నాలుగు కిలోమీటర్లు.
ఒకప్పుడు రాళ్లు మోసిన ట్రాము దారి,
పట్టాలు పీకేస్తే మట్టి మిగిలింది.
అటూ ఇటూ జామాయిల్ చెట్లే,
కానీ మన కాగితం మిల్లు తోటల్లోలా
వరసలో నిలబడమని వీటికెవరూ చెప్పలేదు.
బెరడు పేలికలై వేలాడుతోంది.
ఊపిరి పీలిస్తే
చిన్నప్పటి జలుబు.

వైజయంతి సైకిలు గొలుసు రెండోసారి ఊడింది.
నల్లబడ్డ వేళ్లతోనే బిస్కట్టు విరిచి
సగం నాకిచ్చింది.

మళ్లీ ఎక్కాం.
వంపు దగ్గర, వెనకనుంచి లారీ హోరు.
ఇద్దరం ఒక్కసారే పక్కకు తప్పుకుని
కాళ్లు ఆన్చి, కళ్లు చికిలించి
నిలబడ్డాం, దుమ్ము కోసం.

ఎంతకీ రాదు.

చెట్ల అవతల
అది సముద్రం.

"పోనీలే, దానికీ దారిద్దాం"
అంటూ వైజయంతి
ఇంకాస్త జరిగింది.