కండె మచ్చ

హాలియా దాటినంక కాలువ కట్ట మీద బండి ఆపి
పాత పెండ్లిపత్రికల కవర్లు తీస్తాను.
ప్లాస్టిక్ సంచిలో ఆకు చెమరుస్తది,
బూజు మీద ఇంకో బూజు పడతది.
కాగితమైతే ఆరుతది.
చి.ల.సౌ. అన్న బంగారు అక్షరాల వెనక
అగ్గితెగులు ఆకులు అయిదు.

మచ్చకు రెండు కొసలూ సన్నం,
నడుమ బూడిద, అంచు ఇటుక రంగు.
నూలు కండె ఆకారం, అని పుస్తకంలో ఉంటది.
పుట్టపాకల పుట్టినదాన్ని,
కండె అంటే ఏందో నాకెవరూ చెప్పనక్కరలేదు.

సైదమ్మ మడిల నిలబడి అడిగింది:
"ఒక్కటే గట్టు. అటూ సన్నాలే, ఇటూ సన్నాలే.
ఒక్క దుకాణంల మందే ఇద్దరం కొట్టినం.
వాళ్లది నిలబడ్డది, నాది మెడలిరిగింది.
నా చెయ్యి మంచిది కాదా బిడ్డా?"

కార్తీకం మంచు ఇంకా గరిక మీదనే ఉంది.
రెండు దిక్కులా తెంపుకున్న.
అటు వెతకంగ వెతకంగ మూడే మచ్చలు.

ఒక్క మచ్చలోంచి ఒక్క సిద్ధబీజం, సూదిమొనతో.
గాజు పళ్లెంలో పది రోజులు పెంచి
డీఎన్ఏ తీసి, జెల్‌లో నడిపించి
ఊదా దీపం కింద పెడితే
గీతలు.
ఒక వరసలో ఏడు, పక్క దాంట్లో తొమ్మిది,
ఆ పక్కది ఇంకో తీరు.

నాయన సైకిల్ ట్యూబు పీలికలతో నూలు కట్టేటోడు,
కట్టిన కాడ రంగెక్కదు, విడిచిన కాడ ఎక్కుతది,
అదే డిజైను.
ఒక్క పోగు తప్పి పువ్వు చెదిరితే
ఆ రాత్రి అన్నం దగ్గర మాట ఉండకపోయేది.
ఇక్కడ
తప్పిన పోగే బతుకుతున్నది.

గట్టుకు అటూ ఇటూ ఒక్క తెగులు కాదు.
డెబ్భై రెండు కవర్లల్ల పందొమ్మిది వంశాలు.
అన్నిటినీ ఒక్క పేరుతో తిడుతున్నం.

మరి మన మడులు?
దామరచర్ల దాక ఒకటే గింజ, ఒకటే ఎత్తు,
ఒక్క వారంలనే ఈనుడు.
వేల తలుపులకు ఒక్క తీరు తాళంకప్ప పెట్టి
పందొమ్మిది మందిని బయట కూసోబెట్టినం,
ఆకురాయి చేతికిచ్చి.

మాఘంల ఫోన్ చేసిన.
"నీ చెయ్యి మంచిదే సైదమ్మా. నీ మడికి వచ్చింది వేరే."
"దానికేం పేరు పెట్టిన్రు?"
"నిడమనూరు నలభై ఒకటి."
అవతల మోటరు చప్పుడు తప్ప ఏం లేదు.
"మా ఊరి పేరెందుకే?
మందుల దుకాణం పేరు పెట్టరాదు!"

నవ్వినం ఇద్దరం. తర్వాత ఆమెనే అంది,
"వచ్చే వానాకాలం ఏ గింజ పోయాలె?"

ఫ్రీజరు తలుపు తెరిచే ఉంది,
కాగితం ముక్కల మీద పందొమ్మిదీ పండుకొని ఉన్నయ్,
వేళ్లకు చల్లగాలి తగులుతున్నది.
"మూడు నాలుగు రకాలు కలిపి పెడితే…" అని మొదలుపెట్టిన.

"మిల్లోడు కొనడు బిడ్డా," అన్నది.