సీసం

కుతైసిలో, మూతపడ్డ ట్రక్కుల కార్ఖానా వెనక,
ప్రెస్సు పీఠాన్ని కోస్తున్నాడు నొదారి.
మూడు వేళ్ల మందం పోత ఇనుము.
గ్యాసు మంటకు నిన్నంతా మొరాయించింది.
ఇవాళ ప్లాస్మా.

ఉక్కయితే గీత గీసినట్టు తెగేది.
ఇది తెగదు, ఉమ్ముతుంది.
నల్లద్దంలో నీలి సూది,
బూట్ల మీద పేలాల్లా రవ్వలు.
కాలేటప్పుడు కిక్కురుమనదు;
చల్లారేటప్పుడు, టింగుమని, పగులుతుంది,
కోపం దిగాక ఏడ్చే మనిషిలా.

మధ్యాహ్నం కోత నడుమ
అక్రోటు కాయంత బోలు.
అందులోంచి సీసం కరిగి జారి
నేల మీద బిళ్ల కట్టింది.
పోత పోసిన నాడే ఎవరో గుంట పూడ్చి
పైన పచ్చరంగు పులిమేశారు.
"దొంగపని!" పకపకా నవ్వాడు నొదారి.

తూకం దగ్గర జుజునా తలెత్తలేదు.
"తెలుసు. తనిఖీ ముద్ర నాదే.
ఇది లెక్కలో చేరకపోతే
ఆ నెల పోతపనివాళ్లకు కూలి లేదు."
సిరా రాని పెన్నును అరచేతి మీద గీకింది.
"ముప్ఫై ఏడేళ్లు ఆడింది.
దీనివల్ల ఒక్క పూటైనా ఆగిందా?"

అతను బిళ్లను బూటుతో దొర్లించాడు.
ఇంకా వేడిగానే ఉంది.

"అది ఇనుములో కలపకు,"
అంది జుజునా,
"సీసానికి ధర ఎక్కువ."