బతికినదానికే కూలి

తెల్లారి లేస్తానే
నేను ముందు ఊడ్చేది వాకిలి కాదు, ఇసక.
గడప కింద దూరి, సంగటి కుండ మూకుడెత్తి చూసి
కొయ్యకు తగిలించిన రవికె మడతల్లో
నిద్రపోయిన ఇసక.
హగరిలో నీళ్లు పారంగ మా అత్త చూసిందంట.
నేను చూసింది గాలి పారేదే.

ఆషాఢం వస్తే మా తావున చేన్లు నడుస్తాయి.
నిరుడు వన్నూరప్ప చెనిక్కాయ విత్తిన మడి
ఈ యేడు కరిబసప్ప గట్టు మీద దిబ్బై కూచుంది.
సర్వేరాయి మునిగింది.
"నా పొలం నీ పొలంలోకి వచ్చిండాది, కౌలు ఇస్తావా?"
అంటాడు వన్నూరప్ప, నవ్వుతాడు, దగ్గుతాడు,
బళ్లారి బస్సు కోసం దావ చూస్తాడు.

అట్లాంటి దిబ్బ మీద
మనిషికి నూటిరవై గుంతలు.
కానుగ, వేప, గాలికి అడ్డం సర్వి.
వారానికి రెండు తూర్లు నీళ్లు, నాలుగు మొక్కలకు ఒక బిందె.
బతికినదానికే కూలి.
చచ్చినదానికి మోసిన నీళ్లు
ఎవరి ఖాతాలో రాయాలో
మేటు తిప్పక్కకూ తెలీదు.

మేకల హుసేనమ్మ వచ్చి కొట్లాడింది:
"మీ చెట్లు పెరిగేదాకా నా మేకలు గాలి మేయాల్నా?"
ఎవరికీ నోరు రాలేదు.
మర్నాడు కంప నాటే పని ఆమెకే ఇచ్చినాం.
ఏ ముల్లుకు ఏ మేక ఆగుతుందో
ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు!

లెక్కకు సారు వస్తాడన్న పొద్దు
నావి ముప్పై ఒకటి ఎండిపోయిండాయి.
చీకటితోనే పోయి కొమ్మలు విరిచి గుచ్చినా.
పెళ్లిపందిరి ఆకుల మాదిరి
ఒక్కపూట పచ్చగా నిలబడినాయి.
సారు టిక్కు పెట్టుకుంటా పోయినాడు.
ఆ దుడ్లతో బియ్యం తెచ్చినా, పాపకు చెప్పులు తెచ్చినా.
తిప్పక్క చూసింది. ఏమీ అనలేదు.
మధ్యాన్నానికి
ఆమె గుంతల్లోనూ కొన్ని ఆకులు వాలిపోయినాయి.

ఆ మర్నాటి నుంచి
ముప్పై ఒక్క పుల్లలకూ నీళ్లు పోసినా.
ఎందుకని అడగొద్దు.
పుల్ల చిగురేస్తుందని కథల్లో చెప్తారు.
వేయలేదు. ఒక్కటీ.
"బుద్ధి లేంది నీళ్లకా, నీకా?" అన్నాడు మా ఆయన.

శ్రావణంలో ఒక రేత్రి వాన,
దిబ్బ పైపెచ్చు తడిసేంత.
పుల్లలు పీకి, గుంతకు మూడు
సీతాఫలం గింజలు వేసినా.
పాప లెక్కబెట్టింది, తొంభై మూడు.
ఇవి తిప్పక్క బుక్కులో లేవు.
వచ్చినా కూలి రాదు.

ఈ పొద్దు ఊడుస్తాంటే
ఇసక ఒక చాట తగ్గినట్టు అనిపించింది.
గట్టిగా చెప్పలేను.
చీపురు అరిగిందేమో.