ఎడమ తొడ

ఎడమ తొడ మీద ఎర్రగ ఒక వరుస.
చీమలు పాకినట్టు మొదలై
రెండోనాటికి నీటిపూసలైనయి.

మా అత్త చూసి చేతులు జోడించింది.
"ఆటలమ్మనే" అన్నది.
గడపకు వేపమండ కట్టి
ఇంట్ల పోపు బంద్ చేసింది.
ఆటలమ్మైతే ఒళ్ళంత ఆడాలె గదా,
ఒక్క దారి పట్టుకొని
ఎందుకు నడుస్తున్నదో ఎవ్వరికీ సమజ్ కాలే.

నాకెరుకే ఆ జాగ.
మూడేండ్ల కింద మెట్టుగూడ క్లినిక్‌ల
గౌను పైకి జరిపి నేనే పట్టుకున్న జాగ.
సర్కారు లిస్టుల లేని టీకా అంటే
చిట్టి పైసలల్ల రెండువేలు తీసి మరీ ఏయించిన.
సూది దిగంగనే హంసిక నా గాజు కొరికింది.

నాలుగోనాడు తల నొస్తుందన్నది.
లక్డీకాపూల్ మీద మెట్రో పోతుంటే
దాని కిటికీల వెలుగు గుచ్చుకుంటుందని
నా చున్నీల మొఖం దాసుకుంది.

డాక్టర్ జుబేదా
మందుచీటి వెనక గీత గీసి చెప్పింది:
టీకాల ఉన్నది బలం తీసిన పురుగు,
అది నరం మొదట్ల ముడుచుకొని పంటది,
ఏ ఒక్క పిల్లకో లేస్తది.
మెదడు పొర దాక పోవుడైతే
"చాలా చాలా అరుదమ్మా."

అరుదు.
నగల దుకాణంల వినాల్సిన మాట.
పద్నాలుగో నంబర్ మంచం మీద
సన్నగ మూలుగుతున్నది.

వెన్నుల నీళ్ళు తీసేటప్పుడు
మోకాళ్ళు కడుపులకు, గదమ ఛాతీకి,
గుండ్రంగ వంచి పట్టుకొమ్మన్నరు.
పట్టుకున్న.
పుట్టకముందు ఎట్లుండెనో అట్లనే.

ఎనిమిది గంటలకొక సీసా.
అర్ధరాత్రి రెండింటి సీసకు
మేలుకొని ఉండేది ఇద్దరమే,
నేను, పక్క మంచం మహమూదా.
ఆమె కొడుక్కి టీకా పడలే,
ఆటలమ్మ ఊపిరితిత్తులల్లకు దిగింది.
"ఏయిస్తే గిట్లయ్యేది కాదా అక్కా?"

నా పిల్ల చేతికున్న పైపు చూసుకుంట
ఏమనాలె?
"కాకపోవు" అన్న.
గొంతు నాదే, నిజమే,
అయినా నోరు చేదైంది.

పదకొండో రోజు చున్నీ తీసి
హంసిక మెట్రో డబ్బాలు లెక్కపెట్టింది.
మూడు.
మళ్ళొకటి రావాలె అని కిటికీ ఇడువలే.

అత్త ఇంకా వేపమండ తీయలే.
ఇంట్ల చిన్నోడున్నడు, ఏడాది నిండినోడు.
మొన్ననే మళ్ళ చిట్టి ఎత్తిన.
ఏ తొడ అని అడుగుతది నర్సు.
జవాబు ఇంక అనుకోలే.