పీత ఆవిరి

ఊదమ్మా ఆల్ఫ్రీడా, ఇంకా, ఇంకా, ఆపకు.
తెర మీద గీత ఎక్కబోయి
సగంలోనే కూలబడింది.

న్యూఫౌండ్లాండ్ ఉత్తర తీరాన మే నెల.
మంచుపెళ్లలు ఇంకా రేవు వదల్లేదు.
ఫ్యాక్టరీ షెడ్డులో మాత్రం ఎప్పుడూ ఉక్కే.
మరిగే తొట్లలోంచి పీతలు
కాళ్లు ముడుచుకుని ఎర్రగా తేలి వస్తాయి.
డొల్ల చీల్చి తెల్లని కండ లాగే చేతులు నలభై జతలు,
వాటిలో నీవి పందొమ్మిదేళ్లుగా.
పైన ఆవిరి. ఆవిరిలో
కంటికి ఆనని పీత.

సోమవారం దగ్గు. శుక్రవారానికి పిల్లికూతలు.
ఆదివారం చర్చిలో మాత్రం అందరికంటే పైస్థాయిలో పాడతావట.
"చలిగాలి" అన్నావు.
"మా అమ్మకీ ఉండేది" అన్నావు.
పని గంటలు నిండకపోతే
చలికాలం భృతి రాదని మాత్రం అనలేదు.
ఆ సంగతి నాకు తెలుసు. మా ఆయనా పడవ మనిషే.

నీలాంటి ఒకామె శ్వాసగొట్టం లోపలి పొర
సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో ఒకసారి చూశాను,
సూక్ష్మదర్శిని కింద.
నీళ్లలో నాచులా ఊగే సన్నని నూగు.
అప్పటిదాకా దాన్ని గోడ అనుకున్నాను.
గోడ కాదు, వరుసగా నిలబడ్డ కాపలా.
ఆ కాపలాకి వచ్చిన పాఠం మరీ పాతది:
గరుకు పెంకు తగిలితే పురుగు చొరబడిందని.
పీత పెంకూ, పురుగు గుడ్డు పెంకూ
దాని వేళ్లకి ఒకటే.

అప్పుడు కణం కేక వేస్తుంది.
ఐఎల్ ముప్పైమూడు అంటారు మా డాక్టర్లు ఒక కేకని.
టీఎస్‌ఎల్‌పీ అంటారు ఇంకోదాన్ని.
ఖైదీల నంబర్లలా ఉంటాయి పేర్లు.
మొదటిది కణం తన గుండెలో దాచుకుంటుందట,
గాయపడి పగిలిన రోజున
బయటికి విసరడానికి.

విన్నవాళ్లు పరుగెత్తుకొస్తారు.
తిట్టడానికి లేదు, ఎవరి పని వాళ్లు చేస్తారు.
జిగురు మోసేవాళ్లు జిగురు దింపుతారు,
కండరం పిడికిలి బిగిస్తుంది,
గులాబీరంగు ఇసినోఫిల్స్
సంచిలో ఉన్న విషమంతా అక్కడే గుమ్మరిస్తాయి.
వెతికితే పురుగు లేదు.
ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నారంటాం.
ఇక్కడ ఎలుక కూడా లేదు.
నిజానికి కోపమూ లేదు.
ఒకప్పుడు మనల్ని బతికించిన భయం,
తప్పు ఊళ్లో దిగింది.

ఊదు, మూడోసారి.
పుట్టినరోజు కొవ్వొత్తులనుకో.
నవ్వావు. నవ్వు దగ్గయింది.
దగ్గుని మోచేతిలో దాచావు
ఇరవై ఏళ్ల అలవాటుగా.
లోపల వాళ్లు అరుస్తున్నారు ఆల్ఫ్రీడా,
బయట నువ్వు నోరు నొక్కేస్తున్నావు.

ఫారంలో ఒక గడి ఉంది:
"పనివల్ల వచ్చినదా?"
అవునని రాస్తే ఆవిరి నుంచి బయటికి పంపుతారు,
బయట నీకేం ఉందో ఆ గడిలో రాయడానికి చోటు లేదు.
కొడుకు ట్రక్కు వాయిదా అన్నావు.
"ఇంకా పదకొండు రోజులే కదా" అన్నావు
నా కలం వంక చూస్తూ.
నీ వేళ్ల సందుల్లో పీత ఉప్పుకి పగిలిన చర్మం.

అవును అని రాశాను.
తేదీ దగ్గర చెయ్యి ఆగింది.
ఆగినంతసేపూ నువ్వు ఊపిరి బిగబట్టే ఉన్నావు,
బిగబట్టడం నీకు బాగా వచ్చు.

ఇంకో మౌత్‌పీస్ కవరు చింపాను.
బయట బెంచీ మీద ఆరుగురు.
ముగ్గురు
గోడవైపు తిరిగి దగ్గుతున్నారు.