మూడో ఈల తర్వాత

ఇరవయ్యేళ్లు రాయి పగలగొట్టా చీమకుర్తిలో.
మందు కూరి, వత్తి ముట్టించి
బండ వెనక నక్కి చెవులు మూసుకోడం నా ఉద్యోగం.
మూసుకున్నా లాభం లేకపోయింది.
ముందు పిచికలు పోయినయ్,
తర్వాత మా ఆవిడ గొంతు పోయింది,
పోట్లాటలో సగం ఖర్చు తగ్గిందని నవ్వేవాణ్ణి.
ఆ తర్వాత చర్చిలో పాటలన్నీ ఉత్త పెదాలే అయినయ్.

ఇప్పుడు కోత ఫ్యాక్టరీకి కాపలా.
రాత్రంతా రంపం తిరగతా ఉన్నా
నాకు నిద్ర పడద్ది. అందుకే ఇచ్చారా పని.

ఆదివారం రంపం ఆగుద్ది.
ఆ పూట మా చెల్లెలి కొడుకు తిమోతి
టీవీఎస్ మీద గడ్డపార కట్టినట్టు గిటారు కట్టుకొస్తాడు.
పొదిలి నించి ఖాదర్‌వలి డ్రమ్ములు తెస్తాడు,
వాళ్ల తాత పెళ్లి బ్యాండువి, చర్మం మార్చినయ్.
లెక్కలు రాసే హైమావతి మైకు పట్టుకుంటది.
జనరేటరుకి డీజిలు వాళ్లదే, ముందే చెప్పా.

హెవీ మెటలంట దాని పేరు.
యాడో ఇనుము కాచే ఊళ్లో
మిషన్ల పక్కన పెరిగిన పిల్లకాయలు మొదలుపెట్టారంట.
ఆ మోతే వాళ్ల చేతుల్లోకి దిగిందంట.
తిమోతి ఇదంతా సుద్దముక్కతో
పాలిష్ పట్టిన నల్లపలక మీద రాసి చూపిస్తాడు.
మా ఇద్దరి మాటలూ రాతి మీదే.
తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ బంగారు రవ్వలు,
ఆకాశం ముక్కని చెప్పి అమ్ముకునే రాయి అది.

‘తీగలు వదులు చేస్తే గొంతు బరువెక్కుద్ది మామా’
అని రాశాడొకసారి.
మా నాయన డప్పుని మంట మీద కాచి బిగించేవాడు.
వీడు వదులు చేస్తన్నాడు.
ఎట్ల చేసినా తగిలేది బోరలోనే.

మొదటి దినం నేను గేటు కాడ బీడీ కాలుస్తన్నా.
అరికాళ్లలోంచి ఏదో ఎక్కింది.
తేలనుకున్నా.
కాదు, మోకాళ్లకొచ్చింది, బొడ్డుకొచ్చింది,
పక్కటెముకల్లో దుమ్ము పేరుకున్న చోట ఆగి
తలుపు బాదినట్టు బాదింది.
లోపలికి పోయి పలక మీద అరచెయ్యి పెట్టా.
రాయి వణకతా ఉంది.
పదకొండేళ్లకి నాకు వినపడ్డ మొదటి పాట.
ఏడవలా. బీడీ ఆర్పేసి
రెండో చెయ్యి గూడా పెట్టా.

సైతాను పాటలన్నాడు పాస్టరుగారు.
నల్ల చొక్కాలు, పుర్రె బొమ్మలు,
చావు తప్ప వేరే మాట లేదంట.
ఏందిరా ఆ అరుపు, అసలేమంటంది ఆ పిల్ల, అనడిగా.
మైకు ముందు పులి పూనినట్టుంటది గానీ
పుస్తకంలో దాని అంకెలు ముత్యాలు.
సుద్ద తీసుకుని తనే రాసింది:

రెండో బెంచీ విరిగింది.
బిల్లులో రాయి బరువుంది,
ఆదాము బరువు లేదు.

ఆదాము.
నేను సమ్మెట ఎత్తితే వాడు ఉలి పట్టేవాడు.
ఆ దినం నేను చెవి చూపించుకోను ఒంగోలు పోయా.
సాయంత్రానికి ముప్పై వేలూ ఒక వేలిముద్రా
అయిపోయింది లెక్క.
పేటలో ఎవరూ గట్టిగా అనని పేరుని
ఈ పిల్ల గొంతు చీరుకుని అంటంది.
సైతానెవరో నాకు తెలుసు.
పాస్టరుగారికి గూడా తెలుసు,
చర్చి గచ్చుకి రాయి ఎవరిచ్చారో అడగండి.

ఎట్లుంది మామా, అని ముగ్గురూ నా మొహం చూశారు.
ఖాదర్‌వలి పేలుడు వాయించాడు, బానే వాయించాడు.
అట్లుండదురా అన్నా.
నాలుగో తరగతి చేతిరాతతో నేనే రాశా:

మొదటి ఈల, పక్కకి పొండి.
రెండో ఈల, ముట్టించా.
మూడో ఈల తర్వాత ఏమీ ఉండదు.
కాకి గూడా అరవదు.
పన్నెండు లెక్కపెట్టాలి.
ముందు ఆ పన్నెండూ వాయించండి,
పేలుడు దానంతటదే వచ్చుద్ది.

వాళ్లు ఆగారు.
పలక మీద నా రెండు చేతులు.
లెక్కపెడతన్నా.